వెయ్యేళ్ళ గుడికి విట్రిఫైడ్ టైల్స్

పాత గుడి పాతగా కనబడటం ఆ ఊరికే అప్రతిష్ఠ! ఇది నా నిశ్చితాభిప్రాయం.

పైకప్పు లేని మండపం, ముక్కు విరిగిన ద్వారపాలకుడు, పక్కకి ఒరిగిన స్తంభం... ఇవి చూసి "ఆహా, ఏం శిల్పం!" అని కళ్ళు మూసుకునే పెద్దమనుషులే తమ బాత్రూములో ఒక్క టైలు పగిలితే మేస్త్రి వచ్చేదాకా అన్నం ముట్టరు. తమకేమో నునుపు, దేవుడికేమో పగుళ్ళా? ఇదెక్కడి న్యాయమండీ!

అందుకే నేను జీర్ణోద్ధరణ కమిటీల పక్షం. నల్లరాతి స్తంభానికి వంకాయ రంగు ఎనామిల్ కొట్టి, అంచుకి బంగారు గీత లాగి, నందికి ఎర్ర నాలుకా నల్ల కనుబొమలూ దిద్దితే ఆ కళే వేరు. ఈ ఆలోచన రాజులకెందుకు రాలేదో! పాపం, ఆ రోజుల్లో పెయింట్ల షాపుల్లేవు. ఉంటే తరాల తరబడి చెక్కే బాధే తప్పేది.

ఇక శాసనాలంటారా? ఆ పాత లిపి చదవగలిగేవాళ్ళు మన వీధిలో ఎవరున్నారు? చదవలేని రాత గోడ మీద ఉంటేనేం, పుట్టీ కింద ఉంటేనేం?

మీరు నా మాట నమ్మరని తెలుసు. కాబట్టి బెజవాడ గుణదలలో ఉండే వేదశ్రీ సంగతి చెబుతాను. ఈమె కాలేజీలో చరిత్ర చెబుతుంది. చరిత్రలో చేరేవాళ్ళు లేక సివిక్స్ కూడా చెబుతుంది. భర్త జయదేవ్ బ్యాంకు ఉద్యోగి. సెలవులొస్తే లోకంలో మొగుడూ పెళ్ళాలు ఊటీకి పోతారు. వీళ్ళు వీపున మూటలు తగిలించుకుని, స్లీపర్ క్లాసులో పడుకుని, అరటిపళ్ళు తిని, దేశంలో ఎక్కడ గోడ కూలి ఉంటే అక్కడికి పోతారు. వేదశ్రీ స్తంభాలను కావలించుకుంటుంది, జయదేవ్ వీడియో తీస్తాడు. పెళ్ళి ఫొటోల్లో కూడా కోడలు తన కొడుకుని అంత ఆప్యాయంగా పట్టుకోలేదని అత్తగారు జ్ఞానప్రసూనాంబ గారి ఫిర్యాదు.

దేశమంతా తిరిగి తిరిగి చివరికి వీళ్ళు సొంత జిల్లా మీద పడ్డారు. పామర్రు అవతల ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే మీరూ మూటలు సర్దుతారు. వరిచేల మధ్య తుమ్మకంపలో, గడ్డివాము చాటున ఒక చిన్న గుడి కనబడింది. అందులో ఒక రాతి పలక మీద ఒక అమ్మాయి, పాదం మోకాలి మీదికి తెచ్చుకుని అరికాల్లో ముల్లు తీసుకుంటోంది. పెదవి ఒక పక్కకి లాగి "అబ్బా" అనబోతోంది.

వేదశ్రీ దాని ముందు చతికిలబడి లేవలేదు. పెద్ద పెద్ద గుళ్ళలో ఎన్నో దేవతల ముఖాలు చూసింది గానీ, నొప్పి పుట్టిన మామూలు ఆడపిల్ల ముఖం ఇదే మొదటిసారి చూడటం. వెయ్యేళ్ళ క్రితం ఈ గట్ల మీదే నడిచిన పిల్ల! ఆ రాతి మీద ఆమెకి ప్రేమ పుట్టింది. ఇంకో మాట లేదు, ప్రేమే.

ఈలోగా ఊళ్ళోవాళ్ళు చేరారు.

"ఏమండీ, భూముల సర్వేకి వచ్చారా?" అన్నాడొకాయన.

"సర్వే కాదేమోరా. పిల్లల కోసం మొక్కుకోటానికి వచ్చుంటారు, పాపం" అంది ఒక ముసలమ్మ జాలిగా.

వేదశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు కళ్ళున్నాయా? వెయ్యేళ్ళ గుడి ఇది! ఇంకో దేశంలో అయితే అద్దాల గదిలో పెట్టుకునేవాళ్ళు. మీరు గడ్డివాము వేసుకున్నారు. సిగ్గనిపించటం లేదూ?"

రిటైర్డ్ హెడ్మాస్టరు వీరభద్రరావు గారు తల దించుకున్నారు. "తప్పేనమ్మా. మమ్మల్నేం చెయ్యమంటారు?"

"పట్టించుకోండి!" అంది వేదశ్రీ.

ఎలా పట్టించుకోవాలో కూడా చెప్పేదే, కానీ బెజవాడ బస్సు వచ్చేసింది. బస్సులో కూర్చునే 'సిగ్గులేని ఊరు' అని పేరు పెట్టి రీలు వదిలింది. రీలు ఊరూరా తిరిగింది. ఆ ఊరి అల్లుళ్ళు అత్తారింటికి ఫోన్లు చేసి నవ్వారు. అల్లుడు నవ్వితే ఏ ఊరు ఊరుకుంటుంది?

ఏడాది తిరక్కుండానే వీరభద్రరావు గారి ఫోను. "మేడమ్ గారూ, మీరు చెప్పినట్టే పట్టించుకున్నామండీ. దంపతులిద్దరూ వచ్చి పీటల మీద కూర్చోవాలి. మీరు కాదంటే మేం ఒప్పుకోం."

వేదశ్రీ సంతోషానికి అవధుల్లేవు. కంప కొట్టేసి ఉంటారు, చుట్టూ చిన్న కంచె వేసి ఉంటారు, ఆ అమ్మాయి ముఖం మీద దుమ్ము తుడిచి ఉంటారు. దారి పొడుగునా ఇదే మాట. ఊళ్ళు మారకుండా ఉంటే ఎంత బాగుంటుందో వివరించింది కూడా. జయదేవ్ ఊఁ కొట్టాడు.

దిగేసరికి, ఆహా! నేనక్కడ లేనే అని ఇప్పటికీ బాధపడుతుంటాను. రోడ్డు మీద సిమెంటు ఆర్చి. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద ఇటుకలతో చుట్టూ ప్రహరీ. స్టీలు రెయిలింగు, ఎల్ఈడీ ఓంకారం. కింద మొత్తం విట్రిఫైడ్ టైల్స్, చూసుకుని తల దువ్వుకోవచ్చు! స్తంభాలకి పసుపూ గులాబీ. ఒరిగిన స్తంభాన్నయితే ఏకంగా తీసేసి తిన్నటి సిమెంటుది నిలబెట్టారు.

వేదశ్రీ ఒక్కతే పిచ్చిదానిలా గోడలన్నీ వెతికింది.

"ఇక్కడ ముల్లు తీసుకునే అమ్మాయి ఉండాలండీ..."

"కాలు పైకెత్తుకునుంటది, ఆ బొమ్మేనా అమ్మా?" అన్నారు వీరభద్రరావు గారు. "గుళ్ళో అలా ఉంటే బాగోదని మా ఆడవాళ్ళన్నారండీ. అలాగని పారేస్తామా? మీ చివాట్లు మాకు గుర్తున్నాయి. తిరగేసి పునాదిలో వేశాం. మంచి గట్టి రాయి, ఇంకో వెయ్యేళ్ళు కదలదు. ఇదిగో, మీరు నుంచున్న చోటే."

వేదశ్రీ చటుక్కున పక్కకి జరిగింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి.

"చూశార్రా! అమ్మగారికి ఎంత సంతోషమైందో!" అని ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు బొట్టు పెట్టి చీర పెట్టారు. వాళ్ళ చేతులకి రంగు మరకలు ఇంకా పోలేదు. వ్యవసాయప్పనులు మానుకుని ఆ గోడలకి రంగులేసింది వాళ్ళే. వాళ్ళనేమంటుంది? పట్టించుకోమంది, పట్టించుకున్నారు. తిట్టటానికి ఆమెకి ఒక్కరూ మిగల్లేదు, తను తప్ప.

భోజనాలయ్యాక వీరభద్రరావు గారు మెల్లగా అసలు సంగతి కదిపారు. "కాలవ అవతల ఇంకో గుడుందమ్మా. దీనికంటే పెద్దది. ఆ ఊరోళ్ళకి ఎంత చెప్పినా చలనం లేదండీ. మీరొక్కసారి వచ్చి నాలుగు చివాట్లు పెట్టండి, దెబ్బకి దార్లోకొస్తారు."

అందరూ వంతెన దాటారు. అవతలి ఊరివాళ్ళు కూడా పోగయ్యారు. కంపలోంచి వేదశ్రీ తొంగి చూసింది. గోడ పొడుగునా ఆడవాళ్ళు! ఒకతె జడ అల్లుకుంటోంది, ఒకతె పిల్లాడికి పాలిస్తోంది, ఒకతె ఎవరి మీదో అలిగి మూతి ముడిచింది. ఒక్క ముక్కు కూడా విరగలేదు. పక్కన జయదేవ్ ఫోను పైకెత్తాడు. రెండూళ్ళ జనం ఆమె ముఖమే చూస్తున్నారు. ఒక్క మెచ్చుకోలు మాట చాలు, మర్నాటికి లారీడు ఇసుక దిగుతుంది.

వేదశ్రీ జయదేవ్ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఇందులో ఏముందండీ?" అంది మూతి విరిచి. "ఉత్త రాళ్ళు. దండగ ఖర్చు పెట్టుకోకండి. పాములుంటాయి, ఎవర్నీ ఇటు రానివ్వకండి."

వీరభద్రరావు గారి ముఖం వాడిపోయింది. ఆ ఊరివాళ్ళు హమ్మయ్య అనుకుని ఇళ్ళకి పోయారు.

చూశారా పాఠక మహాశయులారా! అంత చదువుకున్న మనిషి, లక్షణంగా ఆర్చి రావాల్సిన గుడిని నోటి మాటతో పాడుబెట్టింది. ఇవాళ్టికీ అక్కడ సున్నప్పిడత దిగలేదు! ఇలాంటి ఆడది జిల్లాకొకతె తయారైతే మన అభివృద్ధి ఏమైపోవాలి? ఈ దేశంలో రాతి బొమ్మలన్నీ ఖర్మ కాలి ముఖాలతో సహా మిగిలిపోవూ?