చేపల సాక్ష్యం

రంగుల ఫ్యాక్టరీవారి మురుగునీరు పరమ శుద్ధమైనదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. నమ్మనివారు గేటు పక్కనున్న అద్దాల తొట్టి చూసుకోవచ్చు. శుద్ధిచేసిన నీళ్ళలో చేపలు బతికితే ఫ్యాక్టరీ నడవవచ్చునని నిబంధన. ఆ చేపల నిగనిగలు చూసి తనిఖీ అధికారి ఏటేటా మురిసిపోయి సంతకం పెట్టేవారు.

తొట్టిలో పోసేది కొండ అవతలినుంచి ట్యాంకరులో తెప్పించిన మంచినీళ్ళు. మేనేజరుగారు అబద్ధమాడే మనిషి కాదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. అసలు మురుగు రంగులతో, ద్రావకాలతో, ఘుమఘుమలతో వెనక కాలువలో ఊరివైపు దర్జాగా సాగి నేలలోకి ఇంకిపోయేది. కంటికి కనబడకుండా పోవడమే శుద్ధి అని ఆయన సిద్ధాంతం.

ఈసారి తనిఖీ రేపనగా, తొట్టి కడిగి నీళ్ళు మార్చే వేళకు ట్యాంకరు చెడిపోయింది. చేపలు చస్తే ఫ్యాక్టరీకి తాళం, ఆయన ఉద్యోగానికి నీళ్ళు. మేనేజరుగారికి ముచ్చెమటలు పోశాయి. అంతలో అత్తగారి బావి గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఊరంతా తాగేది ఆ బావి నీళ్ళే.

"తీసుకెళ్ళండి బాబూ, నీళ్ళకేం భాగ్యం! ఈమధ్య కాస్త రంగు తిరిగాయి గానీ, ముక్కు మూసుకుంటే కమ్మగానే ఉంటాయి" అంది అత్తగారు.

తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

అధికారి రానే వచ్చారు. మేనేజరుగారు జీవితంలో మొదటిసారి నిజం చెప్పేశారు. "అయ్యా, ఇవి మా నీళ్ళు కావండీ! మా అత్తగారి బావి నీళ్ళండీ!"

తొట్టిలోకి బావినీళ్ళెందుకు వచ్చాయన్నది తనిఖీ పరిధిలోకి రాదు గనక అధికారి అడగలేదు. నేరుగా ఊళ్ళోకెళ్ళి, బావిగట్టు మీద నిలబడి జనానికి గద్గదస్వరంతో ఉపన్యసించారు. "ఫ్యాక్టరీవారు కన్నబిడ్డల్లా పెంచుకున్న ప్రాణులు! మీ అజాగ్రత్తకు బలైపోయాయి. పర్యావరణమంటే పౌరులకు బాధ్యత లేదా?"

ఫ్యాక్టరీకి ప్రశంసాపత్రం, అత్తగారికి నోటీసు అందాయి. కొత్త చేపలకు ఇకపై సీసా నీళ్ళే పోయాలని ఉత్తర్వు వెలువడింది.

"మా అమ్మకే నోటీసిప్పిస్తారా?" అంటూ భార్య ఆ రాత్రి మంచినీళ్ళ గ్లాసు ఠంగున ముందు పెట్టింది. మేనేజరుగారు గ్లాసులోకి చూశారు. భయమేసింది. దాహంగా లేదన్నారు.

ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఫ్యాక్టరీ మీద ఏ కోపమూ లేదు. ఉన్న కాస్త చిరాకూ చేపల మీదే. బావి దగ్గర వరస కట్టి, దగ్గు తెరల మధ్య ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"ఇన్నేళ్ళుగా మనం తాగట్లేదూ? మనకేమైంది? చేపలు మరీ అంత నాజూకైతే ఎలాగమ్మా!"