పరీక్ష గదికి ముఖ్య వేగాధికారి

నాగరిక సమాజంలో జరిగే ప్రతి ఆలస్యానికీ ఒక మనిషి బాధ్యుడై తీరాలి. ఆ మనిషి ఈమధ్యే సెలవు అడిగి ఉంటే మరీ మంచిది. ఈ మహాసూత్రం మీదే ఆ గేమింగ్ కంప్యూటర్ల దుకాణం నడుస్తోంది. అక్కడ సెలవు అడిగింది టెస్టింగ్ ఇంజినీరు ఒక్కతే. తోటివాళ్లంతా ఆమెను అక్కా అంటారు. ఓనరు మాత్రం పని పడినప్పుడు అమ్మా అంటాడు, పని లేనప్పుడు అసలు పిలవడు.

అక్కది గొంతెమ్మ కోరికేమీ కాదు. భర్తతో కలిసి వారం రోజులు సముద్రం ఒడ్డున గడిపి రావాలని పెళ్లయినప్పటి నుంచీ అనుకుంటోంది. టిక్కెట్లు కొనడం, రద్దు చేయడం ఆ ఇంట్లో ఏటేటా జరిగే తంతు. "ఈసారీ కుదరదంటే నేనొక్కణ్నే వెళ్లొస్తాలే, నీకు ఫొటోలు పంపుతా" అన్నాడు భర్త, అన్నం తింటూ. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

సెలవు దొరకకపోవడానికి కారణం దుకాణం పద్ధతే. అక్కడ తయారయ్యే కంప్యూటర్‌కి ఒక పక్క అద్దం తలుపు ఉంటుంది. అద్దంలోంచి గ్రాఫిక్స్ కార్డులు రంగురంగుల దీపాలతో తళతళలాడుతూ కనబడతాయి. ప్రాసెసర్ మాత్రం ఫ్యాను కింద ఎక్కడో నక్కి ఉంటుంది. కనబడని వస్తువుకి డబ్బెవడిస్తాడని ఓనరు సిద్ధాంతం. అందుకని కార్డులు నాలుగేసి పెట్టి, ప్రాసెసర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగించేవాడు. బొమ్మలు గీయడం కార్డుల పనే అయినా, ఏం గీయాలో ముందు ప్రాసెసర్ చెప్పాలి. అది నీరసంగా ఒక్కో పనీ అందిస్తుంటే, నాలుగు కార్డులూ అత్తారింట్లో కొత్తల్లుళ్లలా కాళ్లు చాపుకుని కూర్చునేవి. తెర మీద ఆట నత్తనడక నడిచేది.

దీనికి ఓనరు కనిపెట్టిన విరుగుడు ఓవర్‌క్లాకింగ్. అంటే, ప్రాసెసర్‌ని తయారుచేసినవాళ్లు చెప్పిన వేగానికి మించి పరిగెత్తించడం. పరిగెత్తితే అది వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది. ఎంతవరకు తరిమితే ఆగకుండా ఉంటుందో ఒక్కో కంప్యూటర్‌కీ ఓపిగ్గా పెంచి, తగ్గించి, మళ్లీ పెంచి చూడాలి. ఆ ఓపిక అంత దుకాణంలోనూ అక్క ఒక్కతికే ఉంది. విడిభాగాలు బిగించేవాళ్లు బోలెడుమంది, అమ్మేవాళ్లు అంతకు రెట్టింపు. బిగించిన పెట్టెలన్నీ ఆమె పనిచేసే పరీక్ష గది ముందు పేరుకుపోయి, నడవాలో కాలు పెట్టే సందు లేకుండా పోయింది.

ఆలస్యం సంగతి తేల్చమని ఓనరు తన బావమరిదిని ముఖ్య వేగాధికారిగా నియమించాడు. (ఆ పదవికి కావలసిన అర్హత ఖాళీగా ఉండటం; ఆయన ఆ రంగంలో చాలా ఏళ్లు కృషి చేశాడు.) వేగాధికారి పెట్టెల పక్క నుంచి ఒళ్లు ముడుచుకుని ఒకసారి నడిచి, బిగించే బల్లలు చాలడం లేదని తేల్చాడు. మర్నాటికల్లా కొత్త బల్లలు వచ్చాయి. వాటి చుట్టూ దీపాలు కూడా పెట్టించాడు. పెట్టెలు మెట్ల దాకా వచ్చాయి.

"సార్, బల్లలు పెంచితే పెట్టెలు పెరుగుతాయి గానీ బయటికి పోవు" అంది అక్క వేగాధికారితో. "నాతోపాటు ఇంకొకర్ని వేయండి. పని నేర్పి, నేను సెలవు మీద పోతాను."

"ఇంకొకరంటే ఖర్చు కదమ్మా. ఇంతకీ ప్రాసెసర్ చాలకపోతే మీరేం చేస్తున్నారు?"

"దాని వేగం పెంచుతున్నాను."

"ఇంకోటి కొంటున్నారా?"

"లేదు సార్."

"మరి?" అన్నాడు వేగాధికారి, కుర్చీలో వెనక్కి వాలి.

ఆ "మరి" మర్నాడు ఉత్తర్వుగా వెలువడింది. పరీక్షకురాలి ప్రస్తుత వేగం కేవలం తయారీదారుల అంచనా అనీ (తయారీదారులంటే అక్క అమ్మానాన్నలు, వాళ్లనెవరూ సంప్రదించలేదు), దాన్ని దశలవారీగా పెంచడమైనదనీ అందులో రాశారు. మొదటి దశలో భోజన విరామం సగమైంది. రెండో దశలో కుర్చీ పోయింది, కూర్చుంటే మనిషి నిదానిస్తుందని. వేడెక్కకుండా మొహానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, దానికో శీతల పర్యవేక్షకుణ్ని కూడా వేశారు. ఆయన అస్తమానం వచ్చి "ఒళ్లెలా ఉందక్కా?" అని అడిగేవాడు. జవాబు చెప్పడానికి ఆమె పని ఆపేది. ఆపినందుకు వేగాధికారి సంజాయిషీ కోరేవాడు. సంజాయిషీ ఇవ్వడానికి ఆమె మళ్లీ పని ఆపేది.

చివరికి అక్కకు ఒళ్లు మండింది. (ఫ్యాను తిరుగుతూనే ఉంది.) నేరుగా ఓనరు గదిలోకి వెళ్లింది.

"రేపట్నుంచి వారం రోజులు రాను సార్. ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో మీ ఇష్టం."

అనడమైతే అనేసింది గానీ, మెట్లు దిగుతూ నెల ఖర్చులు లెక్కేసుకుంది. ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదు.

సముద్రం ఒడ్డున భర్త చెప్పులు విప్పి నీళ్లలోకి దిగాడు. ఆమె ఇసుకలో కూర్చుని ఫోన్ వంకే చూస్తోంది.

"ఒక్క ఫోనూ రాలేదేంటండీ?"

"రాకపోతే మంచిదేగా."

"నేను లేకుండా అక్కడెలా నడుస్తోందా అని."

"నడవకూడదని కోరుకుంటున్నావా ఏంటి?"

ఆమె ఫోన్‌లో సిగ్నల్ ఉందో లేదో చూసుకుంది. అదే కోరుకుంటోంది మరి.

తిరిగొచ్చేసరికి నడవా ఖాళీగా ఉంది. ఒక్క పెట్టె లేదు. పరీక్ష గదిలో వేగాధికారికి వేసిన పూలదండ ఆమె బల్ల మీద వాడిపోతూ ఉంది. పరీక్ష ఆగిపోయిన రోజు నుంచే సరుకు రెండింతలు కదిలిందనీ, కాబట్టి ఇన్నాళ్ల ఆలస్యానికీ కారణం పరీక్షేనని రుజువైందనీ గోడ మీద ప్రకటన అంటించారు. దాన్ని ఆమె చివరిదాకా చదివింది. ఇన్నేళ్లు పడ్డ చాకిరీకి ఇదా ఫలితం అనిపించి, ఏడుపూ వచ్చింది, తన్నాలనీ అనిపించింది. రెండూ మానుకుని ఓనరు దగ్గరికి వెళ్లింది.

"పరీక్ష చేయకుండానే వేగం పెంచి పంపేశారా సార్? వేడెక్కి ఆగిపోతాయి కదా."

"ఆగిపోతున్నాయమ్మా" అని ఓనరు ఏ దాపరికమూ లేకుండా ఒప్పుకుని, కిటికీ తెర పక్కకు జరిపాడు.

కింద వీధి మలుపు దాకా జనం వరుస కట్టారు. ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో కంప్యూటర్ ఉంది. పసిబిడ్డల్ని ఆసుపత్రికి తెచ్చినట్టు గుండెలకు హత్తుకుని నిలబడ్డారు. వేగాధికారి వాళ్ల మధ్య తిరుగుతూ, తలలు లెక్కపెట్టుకుంటూ మురిసిపోతున్నాడు.

"మీ ఉద్యోగానికేం ఢోకా లేదు, ముందు హాల్లో నవ్వుతూ నిలబడండి చాలు" అన్నాడు ఓనరు. తర్వాత గొంతు తగ్గించి, నొప్పించకుండా అడిగాడు. "ఒక్క మాటమ్మా, ఏమీ అనుకోకండి. మీరు పరీక్ష చేసిన ఇన్నేళ్లలో, ఒకసారి కొన్నవాడు మళ్లీ మన గుమ్మం తొక్కాడా?"