మూతపడ్డ విస్కీలో సంపెంగ వాసన

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మీరే సరిచేసుకోండి. చెయ్యి నెమ్మది, అందుకని అబద్ధాలు కల్పించే తీరిక చిక్కలేదు.

ముప్పై ఏళ్ల కిందట మూతపడిన ఒక డిస్టిలరీ వారి ఆఖరి విస్కీ సీసాను క్లబ్బులో సకల లాంఛనాలతో తెరిచారు. పన్నెండు మంది పెద్దమనుషులు లేచి నిలబడి ఆ డిస్టిలరీకి ఒక నిమిషం మౌనంగా సంతాపం తెలిపారు. క్లబ్బు అధ్యక్షులవారు కిందటేడు మూసేసిన సొంత సబ్బుల కార్ఖానాకు ఆ మర్యాద దక్కలేదు. అది సబ్బు కదా, తాగేది కాదు.

ఆ కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు వాసనలు కలిపిన మేస్త్రీ ఇప్పుడు క్లబ్బులో గ్లాసులు కడుగుతున్నాడు. కార్ఖానా మళ్లీ తెరవమని నలభై మంది సంతకాలు పెట్టిన అర్జీ అతని జేబులో ఉంది. అయ్యగారి మనసు మెత్తబడే ఘడియ కోసం తలుపు పక్కన కాచుకున్నాడు.

పెద్దలు గ్లాసులు తిప్పారు. ముక్కులు ముంచారు. పాత తోలుసంచి అన్నారొకరు. వానకు తడిసిన గ్రంథాలయం అన్నారు, ఏనాడూ గ్రంథాలయం గడప తొక్కనివారు మరొకరు. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని "సంపెంగ!" అన్నారు. తక్షణం అందరికీ సంపెంగే తగిలింది.

"ఈ పరిమళం కూర్చిన చేతులకు దండం పెట్టాలండీ! ఇలాంటి పనివాళ్లని వీధిన పడేసినవాడు అసలు మనిషేనా?" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఆ సంపెంగ ఎక్కడిదో మేస్త్రీకి తెలిసిపోయింది. పొద్దున గ్లాసులు తోమే పొడి నిండుకుంటే ఇంటి నుంచి తెచ్చుకున్న సబ్బుతో కానిచ్చాడు. మళ్లీ నీళ్లతో కడిగేలోగా మేనేజరు గ్లాసులు లాక్కుపోయాడు.

"అయ్యా, ఆ సంపెంగ మనదేనండీ. మన సబ్బు, గ్లాసులకి అంటుకుంది. ఆ చేతులు ఇవేనండీ" అంటూ అర్జీ చాపాడు.

"నీ దుంప తెగ! పెద్దలకి సబ్బునీళ్లు తాగిస్తావా?" అని మేనేజరు మీదికొచ్చాడు.

అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆపారు. "ఆ సబ్బులింకా ఎన్నున్నాయిరా?"

"ఇంట్లో నాలుగు బిళ్లలున్నాయండీ."

"నాలుగే? మొత్తం లోకంలో?"

ఆ మాటతో పన్నెండు మందీ మేస్త్రీని ఆప్యాయంగా చుట్టుముట్టారు. నాకంటే నాకన్నారు. అర్జీకి కూడా అక్కడికక్కడే పరిష్కారం దొరికింది. "తెరిస్తే విలువ పడిపోతుంది" అని దాని మీద అధ్యక్షులవారు స్వహస్తాలతో రాసి సంతకం చేశారు.

వాళ్లను చూసి మనం హాయిగా నవ్వుకోవచ్చు. కాకపోతే ఆ సబ్బు ప్రతి కొట్లోనూ దొరికిన రోజుల్లో, పై కాగితం మెరవడం లేదని పక్క సబ్బు కొన్నది వాళ్లు కాదు.

— కుట్టుమిషను అత్త, అరవై ఒకటో ఏడు, ప్రస్తుతం మరిదిగారింటి మేడమీద గది.