సర్వేయరు రామ్మూర్తి డి డ్రైవును జయించిన వైనము

చెరకుబళ్ళ ధూళిచే ధూసరితమై, బెల్లపుపాకపు పరిమళమున మత్తిల్లిన చోడవరపురమున, పందొమ్మిది వందల తొంభై ఎనిమిదవ వత్సరపు మాఘమాసమున, కరెంటు పోని ఒకానొక దుర్లభ ఆదివారమున జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. నవ్వువారు నవ్వుకొనుడు, మా రామ్మూర్తికి మాత్రము అది ప్రాణసంకటమే.

అతడెవరనగా, దేవరాపల్లి మొదలు చీడికాడ వరకు ముప్పదేండ్లు అన్నదమ్ముల పొలములను గొలుసుతో కొలిచి పంచిన సర్వేయరు, హద్దురాళ్ళ ప్రతిష్ఠాపనాచార్యుడు, వాటావివాదవిధ్వంసకుడు. అంతటివాడును ఇంటి కంప్యూటరులో చోటు చాలక, పేకాట నెక్కించు తొందరలో, భార్య తాయారు రెండు నెలలు కూర్చుండి టైపు చేసిన పెళ్ళిపాటలను తుడిచిపెట్టెను. అవి కీర్తిశేషురాలైన ఆమె తల్లి అచ్చియ్యమ్మ పాడిన పాటలు. తాయారు ఏడ్చినది. పిదప నోటుపుస్తకము చూచి నలుబది పాటలు మరల కొట్టినది. ఆ పాటలకు కంప్యూటరులో వేరు గది ఇచ్చువరకు మొగునికి మాట లేదు, టీ లేదు అని శపథము పట్టినది. పదునొకండు దినములు గడిచెను.

డిస్కు నాలుగు జీబీలు. అందు సి అను డ్రైవుగా రెండే వాడుకలో నున్నవి, తక్కిన రెండును బీడు. అంతట ఆ వీరుడు డిస్కును వాటాలు వేయు ఎఫ్‌డిస్కు అను నల్లని తెర నెదుర్కొని, పాటలను మరల మింగగల 'చెరుపు' అను మూడవ అంకెను తప్పించుకొని, బీడునంతయు ఎక్స్‌టెండెడ్ పార్టిషనుగా ప్రకటించెను. లోపల లాజికల్ డ్రైవు ఎంత కావలెనని యంత్రమడుగగా, హద్దు పడినాక ఇంకేమి పని యని ఎస్కేపు మీట నొక్కెను. కంప్యూటరు నార్పి వెలిగించెను. సి పక్కన రావలసిన డి అను కొత్త డ్రైవు లేదు. మరల నార్పి వెలిగించెను. అప్పటికిని లేదు. అమ్మినవాడు మోసగించెనని వాని ఏడు తరములను తిట్టెను.

వెనుక నిలిచి చూచుచున్న తాయారు మౌనము వీడినది.

"హద్దురాళ్ళు పాతీసి ఇల్లేదని ఎతుకుతారేటి? అది దడి. లోపల గది కట్టాల."

రామ్మూర్తి రాళ్ళు పాతి ఇంటికి వచ్చుటయే గాని, పిమ్మట ఆ వాటాలో ఎవరేమి కట్టుకొనిరో ముప్పదేండ్లలో ఒక్కనాడును చూచి యెరుగడు. ప్రైమరీ యనగా ఉన్న ఇల్లనియు, ఎక్స్‌టెండెడ్ యనగా ఉత్త ప్రహరీ యనియు, లాజికల్ యనగా అందులోని గది యనియు అప్పుడు తెలిసినది. గది కట్టెను. ఉన్నదంతయు తుడిచి సిద్ధపరచు ఫార్మాటు ఘడియలో తాయారు అతని భుజము పట్టుకొని, అది సి కాదు డియే యని మూడుమార్లు చదివించినది.

డి ఉదయించెను. "ఓ చోడవరవాసులారా, నిర్జనారణ్యమును రాజ్యముగా మార్చినవాడను నేనే" యని గర్జించి, అతడు పేకాటను అందులోనికి లాగబోయెను.

తాయారు మౌసు లాక్కొన్నది. "ఆ గది నాది. మీ పేకలు పాత ఇంట్లోనే ఉంచుకోండి."

నలుబది పాటలును డి లోనికి చేరినవి. ఆమె మొదటి పాట తెరచి, తల్లి వరుసలో మెల్లగా పాడుకొనుచు వంటింటిలోనికి పోయినది.

ఇట్లు రెండు జీబీల భూమండలమును జయించి, అందు అడుగిడు హక్కు లేనివాడై, మహావీరుడు రామ్మూర్తి పంచదార తక్కువైన అరగ్లాసు టీతో పట్టాభిషిక్తుడాయెను.