నాలుగు వేళ్ళ మడత

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. షోరూముకు వెళ్ళాలి, బ్యానరు మీదున్న ధర కట్టాలి, కారు తెచ్చుకోవాలి. మడత మేస్త్రి భార్య తెల్లారకముందే తయారై, డ్రైవింగు లైసెన్సు చేతిసంచిలో ఉందో లేదో మాటిమాటికీ చూసుకుంటోంది. ఫ్లెక్సీ చుట్టలు ఒళ్ళో పెట్టుకుని, స్కూటరు వెనక సీటు మీద ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని ఏడాది దాటింది. ఆవిడకూ స్టీరింగుకూ మధ్య మిగిలిన అడ్డు ఒక్కటే, మొగుడి అనుమానం.

మేస్త్రికి పాలవాడి మీద అనుమానం, పాల మీద అనుమానం, పాలు కాచే గిన్నె మీద కూడా అనుమానమే. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. ఆయనకు వాటా ఉన్న ఫ్లెక్సీ షాపులో ఆర్డర్లు పట్టేదీ, ప్రింటు తీసేదీ భాగస్వామి. అంచులు మడిచి, అతికించి, రింగులు కొట్టేది మేస్త్రి. బ్యానరు ఆయన బల్ల మీదికి బోర్లా వస్తుంది, బోర్లానే చుట్టుకుపోతుంది. దాని వీపు తప్ప ముఖం ఆయన చూడడు. లోకంలో అందరూ అంచు రెండు వేళ్ళ వెడల్పున మడుస్తారు. గాలిని నమ్మలేక ఈయన నాలుగు వేళ్ళు మడుస్తాడు. ఆయన కొట్టిన రింగు ఊడిందన్న మాట బజార్లో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

షోరూము గుమ్మం మీద బ్యానరు నిండుగా వేలాడుతోంది. ఎర్ర కారు, పక్కనే ధర, అంతే. మేస్త్రి దాన్ని అటునుంచీ ఇటునుంచీ ఫోటోలు తీశాడు.

"ఎందుకండీ అన్ని ఫోటోలు?" అంది భార్య.

"రేపు మాట మారిస్తేనో? అన్నట్టు చూశావా, ఇంత గాలికీ ఇసుమంత కదల్లేదు. రింగులు కొట్టినవాడెవడో గానీ పనిమంతుడు!"

లోపల సేల్స్‌మన్ నవ్వుతూ ఒక కాగితం ముందుకు తోశాడు. బ్యానరు మీది ధర కింద పన్ను, దాని కింద బీమా, ఆ కింద హ్యాండ్లింగ్ చార్జి, అన్నిటికీ అడుగున 'ఇతరములు'.

"ఈ ఇతరములు ఏంటి?"

"మిగతావి సార్."

"మిగతావంటే?"

"ఇతరములు సార్."

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. "బయట రాసింది ఒకటి, లోపల అడిగేది ఇంకొకటా?"

"అవన్నీ అదనమని బ్యానరు అడుగునే ఉంది సార్, రండి చూపిస్తాను" అని సేల్స్‌మన్ ధీమాగా బయటికి నడిచాడు. తలెత్తి చూశాడు. అడుగున ఏమీ లేదు. "ఉండాలే మరి..." అని గొణిగాడు.

"ఏం, గాలికి ఎగిరిపోయిందా?" అన్నాడు మేస్త్రి.

"పోనీలెండి, పన్నూ బీమా ఎక్కడైనా తప్పవుగా, ఆ ఇతరములు తీసేయమందాం" అని భార్య బతిమాలింది. మేస్త్రి వినలేదు. అనుమానపడీ పడీ అలసిపోయిన మనిషికి ఇన్నాళ్ళకు అసలైన మోసం దొరికింది. ఆయన నేరుగా బావమరిది ఇంటికి వెళ్ళాడు.

బావమరిది వకీలు. కోటు నలుపు ఇంకా తగ్గలేదు, కేసులు ఇంకా మొదలవలేదు. ఫోటోలు చూడగానే మొహం వెలిగిపోయింది. "బావా, చూపించిన ధరకే అమ్మాలి. చట్టం మనవైపే ఉంది. కానీ ఒక్కడివే వెళ్తే పేచీకోరంటారు. అదే బ్యానరు చూసి మోసపోయినవాళ్ళని నలుగురిని కూడగట్టు."

మేస్త్రి వెంటనే షాపులో బ్యానరొకటి చేయించి వీధి మొగలో కట్టించాడు. 'ధరల దాపరికం నశించాలి' అని పైన పెద్దక్షరాలతో, ఫోన్ నంబరు అడుగున వేయమని భాగస్వామికి చెప్పాడు. బల్ల మీద తనే శ్రద్ధగా మడిచాడు. వారం గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. డీలరే ఫోన్లు రాకుండా చేశాడని మేస్త్రి తేల్చేసి, ఇంటింటికీ తిరిగాడు. మందుల షాపాయన దొరికాడు, పళ్ళ డాక్టరు దొరికాడు, డ్రిల్లు మాస్టారు దొరికాడు. అందరూ అదే కారు కొన్నవాళ్ళే, అందరూ ఇతరములు కట్టినవాళ్ళే.

కేసు పడ్డాక అనుమానం అంటురోగమైంది. పళ్ళ డాక్టరుకు లోపాయికారీగా తగ్గించారని మందుల షాపాయనకు అనుమానం. మందుల షాపాయన డీలరుకు కబుర్లు మోస్తున్నాడని మాస్టారికి అనుమానం. బావమరిది అవతలి వకీలుతో కలిసి టీ తాగాడని మేస్త్రికి నిద్ర పట్టలేదు.

"మిమ్మల్ని కారడిగాను, కేసు తెచ్చారు" అంది భార్య. ఆవిడ మళ్ళీ స్కూటరు వెనక సీటుకే వచ్చింది. ఆ మాట మేస్త్రికి లోపల గుచ్చుకుంది గానీ, పైకి మాత్రం "గెలవనీ, నువ్వే నడుపుదువుగాని" అన్నాడు.

వినియోగదారుల కోర్టులో విచారణ రోజున డీలరు వకీలు ఒక పెద్ద చుట్ట మోయించుకుని వచ్చాడు. షోరూము బ్యానరే. బల్ల మీద పరిచి, అడుగున జిగురుతో అతికిన అంచు పట్టి మెల్లగా లాగాడు. మడత విచ్చుకుంది. లోపల అక్షరాలు కొత్త పెళ్ళికూతురిలా తలవంచుకుని ఉన్నాయి. 'పన్నులు, బీమా, ఇతరములు అదనం.'

"మా క్లయింటు దాచలేదు మేడమ్. ఏజెంటు ద్వారా బ్యానరు చేయించారు. చేసిన షాపు మడిచేసింది. షాపు ముద్ర వెనకే ఉంది" అని ఆ పేరు చదివాడు. మేస్త్రి షాపే.

జడ్జిగారు ఇంకా ఏమీ అనకముందే మేస్త్రి తన వేళ్ళను జేబులో దాచుకున్నాడు. చూడటానికొచ్చిన భాగస్వామి ఆయన చెవిలో "ప్రింటు నాది, మడత నీది" అని చెప్పి, చెప్పుల చప్పుడు కాకుండా బయటికి జారుకున్నాడు.

"కాబట్టి ఈ ఫిర్యాదుదారులందరికీ తిరిగి ఇవ్వాల్సి వస్తే, అది ఆ షాపు నుంచే రాబట్టాలి" అన్నాడు డీలరు వకీలు. ఊరంతా తిరిగి తానే కూడగట్టిన జనాన్ని మేస్త్రి ఒకసారి చూశాడు. వాళ్ళందరూ అప్పటికే ఆయన్నే చూస్తున్నారు. కారు మాట దేవుడెరుగు, షాపు కూడా మిగిలేలా లేదు. బావమరిది ఫైలుకు తాడు కడుతున్నాడు. మేస్త్రికి బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు భార్య లేచి నిలబడింది.

"మేడమ్, నాదొక మాట. మడత మా ఆయనదే, కాదనను. కానీ ఆ బ్యానరు కింద నుంచే కదా ఈ షోరూమువాళ్ళు రోజూ లోపలికి వెళ్ళింది? పోనీ, చూసుకోలేదనుకుందాం. మేం వెళ్ళిన రోజున ఇదిగో, ఈ సేల్స్‌మనే బయటికొచ్చి తలెత్తి చూశాడు. రాత లేదని కళ్ళారా చూశాడు. అప్పుడైనా దించారా? కేసు పడేదాకా అలాగే ఉంచి అమ్ముకున్నారు. తెలియక మడిచినవాడిది తప్పయితే, తెలిసీ వేలాడదీసినవాళ్ళది ఏంటి మేడమ్?"

సేల్స్‌మన్ తలదించుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశారు.

తీర్పు పొట్టిగానే వచ్చింది. ఎవరి గుమ్మం మీది ధరకు వాళ్ళే జవాబుదారీ. అందరికీ బ్యానరు ధరే వర్తిస్తుంది, తేడా డీలరే భరించాలి. ఫ్లెక్సీ షాపు తన ఖర్చుతో కొత్త బ్యానరు చేసివ్వాలి, షరతులు ధరంత పెద్దగా కనపడాలి. "మేస్త్రిగారూ, ఇకమీదట రెండు వేళ్ళే" అన్నారు జడ్జిగారు. ఆయన బుద్ధిగా తలూపాడు. ఈసారి బ్యానరును వెల్లకిలా పెట్టి రెండుసార్లు చదివి, ఆ తరువాతే రెండు వేళ్ళు మడిచాడు.

కారు వచ్చింది. మొదటి ఆదివారం భార్య నడుపుతుంటే మేస్త్రి పక్కన కూర్చున్నాడు. తలుపు పడిందో లేదో రెండుసార్లు మాత్రమే చూశాడు. "కోర్టులో నువ్వు లేకపోతే నా పని అయిపోయేదే" అన్నాడు. ఆవిడ నవ్వి గేరు మార్చింది. ముందురోజు గట్టి గాలి వీచింది. షోరూము మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. కొత్త బ్యానరుకు అడుగు రింగులన్నీ ఊడిపోయాయి. షరతులున్న భాగాన్ని గాలి శుభ్రంగా వెనక్కి మడిచేసింది. ఎర్ర కారు, పక్కనే ధర, అంతే.

"ఏమండీ, అటు చూశారా?"

"లేదు. నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాడు మేస్త్రి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, దేన్నీ అనుమానించకుండా తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు.