డాల్ఫిన్ నోస్ మీద నేరారోపణ

"గోపీ! ఈ విశాఖపట్నంలో నేరాలు ఇంకా జరుగుతన్నాయంటే కారణం ఒక్కటే. మద్దేనం పూట నాను పడుకుంటన్నాను!"

ఇలా ప్రకటించిన మహానుభావుడు డిటెక్టివ్ తాతబాబు. ఆ బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు. మే నెలలో కూడా కోటు విప్పడు. వాడికి స్నేహితుణ్ని కావడం నా ఖర్మ.

ఆ రోజు మమ్మల్ని పిలిచింది హార్బరు పక్కన ఉండే త్రినాథరావు. 2005లో మా పేటలో కంప్యూటర్ ఉన్నది వాడొక్కడికే. గిటారుని తిన్నగా దానికి తగిలించి, సాఫ్ట్‌వేర్‌తోనే పెద్ద యాంప్లిఫయర్ మోత పుట్టించి రికార్డు చేస్తాడు.

"తీగ మీటినాక కాసేపటికి మోత వత్తంది బావ," అన్నాడు ఏడుపు గొంతుతో. "తాళం తప్పిపోతన్నాను. సాయంత్రానికి పాట ఇయ్యకపోతే మద్దిలపాలెం ఆర్కెస్ట్రావోళ్లు ఇంకోడిని పెట్టేసుకుంటారు. మా నాన్న నాకు పరవాడ ఫ్యాక్టరీలో ఉద్యోగం సూసేసినాడు."

వాడి ముఖం చూస్తే నాకు నిజంగానే జాలేసింది. తాతబాబు మాత్రం భూతద్దం తీసి గిటారు నాడి చూశాడు.

సరిగ్గా అప్పుడే ఓడ ఒకటి కూత వేసింది. హార్బరు అవతల ఉన్న డాల్ఫిన్ నోస్ కొండకి తగిలి, ఆ కూత కాసేపటికి మళ్లీ వినిపించింది. ఇక్కడ పుట్టినవాళ్లకి అది రోజూ ఉండేదే. తాతబాబు మాత్రం ఎగిరి గంతేశాడు.

"ఎవులూ కదలకండి! హంతకుడు దొరికేసినాడు! ఈడి మోత కిటికీలోంచి ఎల్లి, కొండకి గుద్దుకుని తిరిగొత్తంది!"

"ఈడు సెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు కదా బావ. కొండెలాగ ఇనపడతాది?"

"అక్కడే ఉంది గోపీ, నేరస్థుడి తెలివి!"

త్రినాథరావు తల్లి మహాలక్ష్మమ్మ గారి బొంతలన్నీ కిటికీలకి వేలాడాయి. గాలికి సాక్ష్యం చెదిరిపోతుందని తాతబాబు ఫ్యాను కూడా ఆపించాడు. చెమటలు కక్కుతూ త్రినాథరావు మాకూ వినపడేలా హెడ్‌ఫోన్స్ తీసి, స్పీకర్లు తగిలించి తీగ మీటాడు. మోత తాపీగానే వచ్చింది.

"ఏటి బాబూ, నా బొంతలు ఆ కొండకి అడ్డమేటి?" అంది మహాలక్ష్మమ్మ.

"అయితే కొండకి ఈ గదిలో ఏజెంటున్నాడు," అంటూ తాతబాబు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోదా పేరుతో దొరికినదల్లా నొక్కాడు. సౌండ్ కార్డు సెట్టింగులు తెరుచుకున్నాయి. "ఏలిముద్రలు తియ్యాల!" అని ఒంటికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి కీబోర్డు మీదా మౌస్ మీదా కుమ్మరించాడు.

కిటికీలు మూసిన గదిలో పౌడరు ఎక్కడికి పోతుంది? తిన్నగా వాడి ముక్కులోకే పోయింది.

"హాఛ్!"

ఆ తుమ్ముకి మౌస్ పట్టుకున్న చెయ్యి బల్ల అంచుదాకా ఈడ్చుకుపోయింది. తెర మీద 'బఫర్' అన్నచోట కుడి చివర ఉన్న బొత్తాం సర్రున ఎడమ వైపుకి జారింది. ఏం పాడైందోనని త్రినాథరావు భయంభయంగా తీగ మీటాడు.

వేలూ మోతా ఒక్కసారే!

నాకు అప్పుడర్థమైంది. ధ్వనిని కంప్యూటర్ పట్టి ఉంచే పాత్ర లాంటిది ఆ బఫర్. ఇన్నాళ్లూ బిందె నిండాక ఒంపుతోంది. తుమ్ముతో బిందె గ్లాసైంది. గ్లాసు నిండడానికి ఎంతసేపు?

త్రినాథరావు కళ్లు తుడుచుకుని ఒక్క ఊపులో పాట వాయించేశాడు. సీడీ పట్టుకుని మద్దిలపాలెం పరిగెత్తాడు. పొద్దుగూకేలోపే వెనక్కి వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "పెట్టేసుకున్నారు! నాన్నకి సెప్పీ అమ్మా, నాను పరవాడ ఎల్లను!"

మహాలక్ష్మమ్మ వాణ్ని గట్టిగా వాటేసుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

"కొండ లొంగిపోయింది," అన్నాడు తాతబాబు కోటు దులుపుకుంటూ.

"బావ, అది నీ తుమ్ము వల్ల..."

"తుమ్మేటి! అది నా ఇంటరాగేషన్!"

మహాలక్ష్మమ్మ నవ్వుకుంటూ బొంతలు విప్పి కిటికీ తెరిచింది. హార్బరులో ఓడ కూసింది. కాసేపటికి కొండ కూడా కూసింది.

తాతబాబు ఒక్క ఉరుకున బల్ల కింద దూరాడు.

"మూసీండమ్మా కిటికీ! ముద్దాయి బెయిలు మీద వచ్చేసినాడు!"