మాగాయ గారి లారీ

ఆ రోజు పొద్దున సౌభాగ్యలక్ష్మి అనుకున్న పని ఒక్కటే. పప్పు పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా హనుమాన్ జంక్షన్‌లో లారీ కంపెనీకి ఫోను చేసి, ఆగిరిపల్లి తోటకి లారీ పంపమని చెప్పడం. ఫోను ముందు అయిపోతుందో పప్పు ముందు ఉడుకుతుందో అన్నంత చిన్న పని.

మామూలుగా ఆ ఫోను భర్త గంగాధరం చేసేవాడు. నూజివీడు బజారులో మామిడి వ్యాపారం ఆయనది. ముందురోజు తోటలో కాయ కోయిస్తూ కూలీల మీద, చిక్కం కర్రల మీద, తొడిమ ఊడిన ప్రతి కాయ మీదా అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోగొట్టుకున్నాడు. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, వారం రోజులు మూగనోము పట్టమన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆ మాట సౌభాగ్యలక్ష్మి పైకి అనలేదు.

పిల్లల పలక ఒకటి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాని మీద రాశాడు: 'జంక్షన్. లారీ. మాగాయ.' ఆవిడ లోపలికి వెళ్ళి, జాడీలోంచి మాగాయ తీసి ఇడ్లీల పక్కన వేసి తెచ్చింది. ఆయన తల బాదుకుని, కింద 'గుర్తు మాట' అని రాశాడు. రాశాక మాగాయ వదల్లేదు, తిన్నాడు.

గంధర్వ లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ఆ వేసవి నుంచే ఫోన్ ఖాతాలని కొత్త పద్ధతి పెట్టారు. నూజివీడు చుట్టుపక్కల వీధివీధికీ ఫోను వచ్చేసిందనీ, ఎనభైల్లో సగానికి వచ్చేశాం కాబట్టి కాలం మారిందనీ కరపత్రాలు కూడా పంచారు. వ్యాపారి జంక్షన్ దాకా రానక్కర్లేదు. ఫోనులో పేరు చెప్పి, ముందుగా కంపెనీకి ఇచ్చిన గుర్తు మాట చెబితే వంతు ప్రకారం లారీ తోటకే వస్తుంది. గంగాధరం ఇచ్చిన మాట మాగాయ. మరచిపోయే ప్రమాదం లేనిదని ఎంచుకున్నాడు.

ఆ రోజు వంతు ఆయనది. తోటలో కాయ సొన కార్చుకుని, వరిగడ్డి పరిచిన పెట్టెల్లో పడుకుని ఉంది. కటక్ మండీలో పేరున్న సేటు ఒకడు, ఎన్నాళ్ళో బతిమాలించుకుని, సరే మొదటి లోడు పంపి చూడమన్నాడు. సాయంత్రానికి లారీ కదలకపోతే కాయ పెట్టెలోనే మాగుతుంది. కటక్‌లో దిగేది అప్పుడు కాయ కాదు, రసం. ఆ తర్వాత ఆ మండీలో గంగాధరం పేరెత్తే నాథుడుండడు.

పేరెత్తని మనిషి ఇంట్లోనూ ఒకరున్నారు. కొత్తకోడలిగా గుమ్మంలో అడుగు పెట్టినరోజు, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమని ఆడబిడ్డలు అడ్డం నిలబడ్డారు. సౌభాగ్యలక్ష్మి చెప్పలేదు. భోజనాలు చల్లారి, ఆడబిడ్డలే కాళ్ళు పీకి పక్కకి తప్పుకునేదాకా ఆ గడప బయట నిలబడింది. ఆ తర్వాత ఆ పేరు అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

"ఎవరి ఖాతా అండీ?" అన్నాడు ఫోనులో గుమాస్తా జోజిబాబు.

"మావారిది."

"మీవారంటే ఎవరండీ?"

"శివుడి పేరు బాబూ."

"శివరావు గారాండీ?"

"కాదు. శివుడి నెత్తిన ఉంటుందే, దాంతో వచ్చే పేరు."

"చంద్రశేఖరం గారా?"

"చంద్రుడు కాదు. నీళ్ళు."

జోజిబాబు ఆలోచనలో పడ్డాడు. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. శివుడి నెత్తిన ఏమేం ఉన్నాయో పూర్తిగా తెలియదు. పోనీ గుర్తు మాటైనా చెప్పమన్నాడు. చెప్పింది.

"ఓ, మాగాయ. గంగాధరం గారా," అన్నాడు, చిక్కు వీడినంత సంతోషంగా. "ఆయన లారీ తెల్లారగట్లే పంపించేశాం కదండీ. ఆయనే ఫోన్ చేశారు. గొంతు ఖంగుమంది."

సౌభాగ్యలక్ష్మి భర్త వైపు చూసింది. ఆయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

మేనేజరు సువర్ణరాజు ఫోను అందుకున్నాడు. ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, గుర్తు మాట ఎవరు చెబితే ఖాతా వారిదేననీ, ఆ మాటను భద్రంగా దాచుకునే బాధ్యత ఖాతాదారుదేననీ, అయినా విచారిస్తాననీ అన్నాడు. విచారణకి ఆట్టే కష్టపడనక్కర్లేకపోయింది. లారీ కాగితాల సంగతి కనుక్కోవడానికి ఖంగుమనే గంగాధరమే మళ్ళీ ఫోను చేశాడు. ఎవరో ఆడమనిషి మీ గుర్తు మాట చెబుతోందండీ అని మేనేజరు ఆయనకే విన్నవించాడు. ఆ పెద్దమనిషి మండిపడ్డాడు. వెంటనే మాట మార్చెయ్యమన్నాడు. ఇంకాసేపట్లో ఎవడో నేనే గంగాధరాన్నని వచ్చినా వస్తాడు, కాస్త కనిపెట్టి ఉండండని హెచ్చరిక కూడా చేశాడు.

సౌభాగ్యలక్ష్మి రెండోసారి ఫోను చేసేసరికి మాగాయ చెల్లదన్నారు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పప్పు దింపేసింది. చీర మార్చుకుంది. గంగాధరం పలక చంకన పెట్టుకుని వెంట నడిచాడు. బస్సులో ఆయన ఏదో రాసి చూపించబోతే ఆవిడ చదవలేదు. ఈ పని తనదని ఆవిడ అప్పటికే తేల్చుకుంది.

కంపెనీ ఆఫీసు జంక్షన్‌లో రోడ్డు వారనే. ఎండ వేడికి కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. సువర్ణరాజు గంగాధరాన్ని ఎగాదిగా చూశాడు. ఫోన్ ఖాతాల పుణ్యమా అని ఆ సీజను వ్యాపారుల మొహం ఒక్కటీ ఆయన చూసి ఎరగడు.

"మీరు గంగాధరం గారా?"

గంగాధరం తల ఊపాడు.

"ఒక్క మాట మాట్లాడండి."

గంగాధరం 'గొంతు పోయింది' అని రాశాడు.

"ఇందాక ఫోనులో బ్రహ్మాండంగా మాట్లాడారే."

'అది నేను కాదు,' అని రాశాడు గంగాధరం.

"చూశారా. కాదని ఆయనే రాసిచ్చాడు," అని సువర్ణరాజు జోజిబాబుతో అన్నాడు. గంగాధరాన్ని గోడ వారన స్టూలు మీద కూర్చోబెట్టి, గోలీసోడా ఒకటి తెప్పించి చేతికిచ్చి, ఆయన కదలకుండా తలుపు దగ్గర హమాలీని నిలబెట్టారు. అసలు గంగాధరం గారు కాగితాల కోసం మనిషిని పంపిస్తారట. అప్పుడు పోలీసులకి చెప్పాలో వద్దో ఆయన్నే అడుగుతారట.

సౌభాగ్యలక్ష్మి బయటికొచ్చి రోడ్డుకవతల బుజ్జమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. ఎదురుగా కంపెనీ కిటికీ, అందులో జోజిబాబు తలకాయ. ఫోను మోగింది. ఆ లైను ఎప్పుడూ బరబరమంటూనే ఉంటుంది. అందుకని జోజిబాబు అవతలివాళ్ళు చెప్పిన ప్రతి మాటా గట్టిగా తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటాడు.

"గుర్తు మాట పొట్లకాయ. పొట్లకాయే కదండీ? ఆఁ, పొట్లకాయ."

"ఏలూరు కాలవ గట్టాయన," అన్నాడు బల్ల మీద డ్రైవరొకడు, టీ ఊదుకుంటూ. "నిన్న కూడా ఇదే టయానికి చేశాడు."

బుజ్జమ్మ గ్లాసు తెచ్చి ఇస్తూ ఆవిడ మొహం పరిశీలించింది. "మీరు మాగాయ గారి తాలూకానా అమ్మా?"

అందుకున్న గ్లాసు సౌభాగ్యలక్ష్మి బల్ల మీద పెట్టేసింది. అవునంది.

"పాపం, ఆ మాట పోయిందిగా. ఇందాకే ఆవకాయ అయ్యింది." బుజ్జమ్మ పరామర్శకొచ్చినట్టు అంది. "మాగాయే బాగుండేది."

సాయంత్రాలు ఈ బల్ల మీద కూర్చునేవాళ్ళలో నూజివీడు వాళ్ళెవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగింది. కృష్ణమూర్తి గారని ఒకాయన వస్తారు, మంచి గొంతు, శ్రీరామనవమి పందిట్లో వేలంపాట ఆయనే పాడతారట, అంది బుజ్జమ్మ. కృష్ణమూర్తి తోట సౌభాగ్యలక్ష్మి వాళ్ళ తోటకి గట్టు అవతలే. ఆయనకి లారీ వంతు ఇంకా రాలేదు. ఆయన కాయ మాత్రం వీళ్ళ కాయతోపాటే కోతకొచ్చింది.

ఆవిడ టీ పూర్తిగా తాగింది. గ్లాసు కడిగి పెట్టింది. తిరిగి ఆఫీసులోకి వెళ్ళి మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"ఆవకాయ," అంది.

సువర్ణరాజు కళ్ళజోడు తీశాడు. "ఇది మీకెలా తెలిసిందమ్మా?"

"మీ కిటికీలోంచి. బయట బల్ల మీద అందరికీ తెలుసు. పొట్లకాయ గారికి కూడా ఇంకో గంటలో తెలుస్తుంది, ఎవరో ఆయన లారీ ఎక్కేశాక."

ఆయన మళ్ళీ దాచుకునే బాధ్యత అన్నాడు. ఈసారి ఆ మాట అంత గట్టిగా రాలేదు.

"మా అత్తగారు తీర్థానికి వెళ్తూ ఇత్తడి బిందె పక్కింట్లో పెట్టి వెళ్ళారండీ," అంది సౌభాగ్యలక్ష్మి. "ఆ పక్కింటావిడ దాన్ని తెచ్చి వీధరుగు మీద పెట్టింది. పోయింది. పోతే, బిందె మీదే కదా, జాగ్రత్త కూడా మీదేనంటే ఊరుకుంటామా? మాట మావారిది. మీ చేతికిచ్చాం. మా ఇంట్లో ఉన్నంతకాలం అది జాడీ దాటలేదు. మీరు దాన్ని జంక్షన్ మొత్తానికి వడ్డించారు."

సువర్ణరాజు కిటికీ వైపు చూశాడు. అవతల బల్ల మీద వాళ్ళంతా ఇటే చూస్తూ, ఒక్క మాట పోకుండా వింటున్నారు. ఆయన లేచి కిటికీ తలుపులు మూయబోయాడు. అవి ఎన్నాళ్ళుగానో మూసినవి కావు. కదల్లేదు.

"సరే, మీ రూలే పెట్టుకుందాం," అంది ఆవిడ. "గుర్తు మాట చెప్పినవాళ్ళదే ఖాతా. నేను చెప్పాను. ఇప్పుడు ఆ ఖాతా ఎవరిది?"

రూలు ఆయనదే. మీదే అనక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే, తెల్లారగట్ల పంపిన లారీ వచ్చి ఆఫీసు ముందు ఆగింది. నిండా పెట్టెలు. దుమ్ములో దాని వెనకే ఒక స్కూటరు వచ్చి, కాస్త దూరంగా కిళ్ళీ కొట్టు చాటున ఆగింది. ఖాతా ఎవరి పేరున ఉంటే సరుకు కాగితాలూ వాళ్ళ పేరునే రాస్తారు. కటక్‌లో తన మనిషి చేత పేరు మార్పించుకోవచ్చని స్కూటరాయన లెక్క. అంతదాకా గంగాధరం పేరు ఆయనకేమీ బరువనిపించలేదు.

"రాసుకో బాబూ," అంది సౌభాగ్యలక్ష్మి. "ఖాతా మాది, లారీ మాది, అందులో సరుకూ మాదే. కటక్ సేటుకి మావారి పేరున పంపించెయ్యి. పెట్టెలు చూస్తే మా కాయకన్నా బాగానే ఉన్నట్టున్నాయి."

జోజిబాబు అలవాటు కొద్దీ, రాస్తూ ప్రతి మాటా గట్టిగా చదివాడు. కిళ్ళీ కొట్టు దాకా వినపడింది. కృష్ణమూర్తి మెట్లెక్కి వచ్చాడు.

"ఆ కాయ నాదండీ."

జోజిబాబు కలం ఆగింది. గొంతు ఖంగుమంది.

"మీరా అన్నయ్యగారూ," అంది సౌభాగ్యలక్ష్మి, పేరంటానికి వచ్చినవాళ్ళని పలకరించినట్టు. "వదినగారు కులాసానా? మీ కాయ మా లారీ ఎలా ఎక్కిందండీ?"

గంగాధరమే సర్దుకోమన్నాడు, ఫోనులో అనుకున్నాం అన్నాడు కృష్ణమూర్తి. స్టూలు మీద నుంచి గంగాధరం పలక పైకెత్తాడు. ఈసారి తీరిగ్గా, పెద్ద అక్షరాలతో రాశాడు: 'నేను గంగాధరం కాదని వీళ్ళు తేల్చారు. మరి మీరా?'

సువర్ణరాజుకి తెలివొచ్చింది. "మీరు గంగాధరం గారైతే ఈ సరుకు మీదే, తీసుకెళ్ళండి. కాకపోతే కాదని చెప్పండి. పొద్దున ఫోనులో ఎందుకయ్యారో కూడా చెప్పండి."

కృష్ణమూర్తి లారీ వైపు చూశాడు. ఎండ పెట్టెల మీద పడుతోంది. కోసిన కాయ ఎవరి పరువు కోసమూ ఆగదు.

"నేను గంగాధరాన్ని కాదు," అన్నాడు. "కృష్ణమూర్తిని."

"అయితే మీ గుర్తు మాట చెప్పండి," అన్నాడు జోజిబాబు, ఈసారి మోసపోదల్చుకోక.

కృష్ణమూర్తి అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. ఆయన నోరు తెరిచేలోపే రోడ్డుకవతల బల్ల మీద నుంచి "వాక్కాయ" అని నలుగురూ ఒక్కసారే అందించారు.

మధ్యాహ్నానికి కృష్ణమూర్తి పెట్టెలు కంపెనీ వెనక రేకుల షెడ్డులో దిగాయి. దింపుడు కూలి ఆయన పెట్టుకున్నాడు. లారీ ఆగిరిపల్లి వెళ్ళి రావడానికయ్యే ఖర్చు కంపెనీ పెట్టుకుంది. సువర్ణరాజు ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేసేదాకా సౌభాగ్యలక్ష్మి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. నిలబడటం ఆవిడకి కొత్త కాదు. పొద్దువాలకముందే గంగాధరం పేరుతో మొదటి లోడు కటక్ దారి పట్టింది.

బయలుదేరేముందు జోజిబాబు ఖాతాకి కొత్త గుర్తు మాట అడిగాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది. బల్ల మీద అందరూ టీ తాగడం ఆపారు. బుజ్జమ్మ స్టవ్వు తగ్గించింది.

"మాటేం వద్దు బాబూ," అంది సౌభాగ్యలక్ష్మి. "మా ఇంటి నుంచి ఫోనొస్తే ఖాతాదారు పేరడుగు. ఎంతడిగినా చెప్పకపోతే నేనే. చెప్పారంటే మాత్రం మోసం."

జోజిబాబు అది గట్టిగా తిరిగి చెప్పాడు. జంక్షన్ మొత్తం విన్నది. విన్నా ఎవరికీ పనికొచ్చేది కాదు.

వారం తిరిగేసరికి గంగాధరానికి గొంతు వచ్చింది. సేటు రెండో లోడు అడిగాడు. ఆయన ఉత్సాహంగా ఫోనందుకుని, తన గొంతు తనే విని మురుస్తూ, "నేను గంగాధరాన్ని మాట్లాడుతున్నా," అన్నాడు.

జోజిబాబు ఫోను పెట్టేశాడు.